శిరస్సుపై ఎట్టి ఆచ్ఛాదనయు లేకుండ

నేను బి.ఏ. ప్యాసై ఇంటికొచ్చిన ఏడాది మా నాయన నన్ను పెద్దగా ఏమీ అనలేదు. భోజనం దగ్గర మాత్రం, ఊళ్ళో ఎవరి కొడుక్కి ఏ ఉద్యోగం వచ్చిందో, ఎండల గురించి మాట్లాడినంత మామూలుగా చెప్పేవాడు. మూడు నెలలు ఆ ఎండలు భరించాక బిషప్ గారి ఆఫీసులో రైటరు కావాలన్నారని విని అర్జీ పెట్టుకున్నాను. ఇంకెవరూ పెట్టలేదు గనుక నన్నే ఎంచుకున్నారు.

బిషప్ గారు ఉండే పెద్ద ఊరు వేరే. యుద్ధం జరిగినన్నాళ్ళూ పెట్రోలు లేక మా వైపు సంఘాలను ఆయన చూడలేకపోయారు. యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది ఆ బాకీ తీర్చాలని చిత్తూరులో ఒక పాత బంగళా తీసుకుని నాలుగు నెలలకు మకాం పెట్టారు. ఆ మకాంలో వంటాయన, డ్రైవరు, నేను ఆయన పరివారం. వంటాయన బంగళా దాటి వచ్చేవాడు కాదు. డ్రైవరు కారు దాటి వచ్చేవాడు కాదు. మిగిలినవన్నీ నా పనులు. ఉత్తరాలు టైపు కొట్టాలి, ఏ రోజు ఏ ఊరో పర్యటన చీటీ తయారుచేయాలి, రిజిస్టరు రాయాలి, ఆయన ఇంగ్లీషులో చెప్పింది తెలుగులో చెప్పాలి, ఆయన తెలుగులో చెప్పింది కూడా తెలుగులో చెప్పాలి. బిషప్ గారు ఇంగ్లీషు దొర, తెలుగు కృష్ణా తీరంలో ఒక పండితుడి దగ్గర నేర్చుకున్నారు. తప్పు ఒక్కటి దొర్లేది కాదు. మా వైపు జనం ఆ తెలుగును ఎంతో భక్తిగా వినేవాళ్ళు, విని నా వైపు చూసేవాళ్ళు.

ఆయన చేతికర్ర కూడా నా పూచీయే. పైన వంకీ తిరిగిన పొడవాటి కర్ర, బిషప్ హోదాకు గుర్తు. దాన్ని మూడు ముక్కలుగా విప్పి పెట్టెలో పెట్టుకుని తిరిగేవాళ్ళం. ప్రతి ఊళ్ళోనూ మరలు బిగించి నిలబెట్టాలి. మొదటిసారి వంకీని వెనక్కి తిప్పి బిగించాను. బిషప్ గారు చూసి, ఏమీ అనకుండా, ఆ రోజంతా కర్రను తానే తిప్పి పట్టుకున్నారు. ఆయన కోపం అంతకంటే పైకి పోగా నేను చూడలేదు.

మా డ్రైవరుది తిరుపతి. ఏడాదికొకసారి కొండకు పోయి తల నున్నగా చేయించుకుని వచ్చేవాడు. మూడు నెలలు బిషప్ గారిని తిప్పాక ఒక రోజు నన్ను అడిగాడు.

"ఏమప్పా రైటరూ, ఊరికొక అయ్యగారు ఉండాడు గదా. పెండ్లి ఆయనే చేస్తాడు, బిడ్డకు పేరు ఆయనే పెడతాడు, పోయినోళ్ళను ఆయనే పూడస్తాడు. ఇంక ఈ పెద్దాయన పనేంది?"

"చేతులు పెట్టడం" అన్నాను.

"యాడ?"

"తల మీద."

"ఆ రెండు సేతులకేనా ఇంత పెట్రోలు?"

నిజానికి అందుకే. బాప్తిస్మం పొందినవాళ్ళు పెద్దయ్యాక, ప్రశ్నలూ జవాబులూ అన్నీ నేర్చుకుని, బిషప్ ముందు మోకాళ్ళూనితే ఆయన వాళ్ళ తలల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. అది బిషప్ తప్ప ఇంకెవరూ చేయకూడదు. అది అయినవాళ్ళకే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే అర్హత. అందాకా, మిగతావాళ్ళు లేచి ముందుకు వెళుతుంటే వీళ్ళు వెనక చాపల మీద కూర్చుని చూడవలసిందే. యుద్ధం పుణ్యమా అని మా వైపు కొన్ని ఊళ్ళలో ఆరేళ్ళుగా అట్లా కూర్చునే ఉన్నారు.

ఇదంతా విన్నాక డ్రైవరు, "అట్లయితే పెట్రోలు పోసుకోవాల్సిందేలే" అన్నాడు.

పర్యటన మొదలైన కొత్తలో ఒక ఊరి నుంచి తిరిగి వచ్చాక బిషప్ గారు నన్ను పిలిచారు. "నిన్న ఏడు తలపాగాల మీద చేతులుంచాను. వాటి లోపల తలలు ఉన్నాయనే నమ్ముతున్నాను. ఇకమీదట మగవాళ్ళను తలపాగాలు తీసి రమ్మని అన్ని సంఘాలకూ రాయండి" అన్నారు.

తలపాగాను మా వైపు రుమాలు అంటారు. 'మగవాళ్ళు రుమాలు తీసేసి రావాల' అంటే సరిపోయేది. కానీ కాలేజీలో తెలుగు వ్యాసానికి బహుమతి తీసుకున్నవాడు, బిషప్ గారి ముద్ర పడే కాగితం మీద రుమాలు అని రాస్తాడా? 'అభ్యర్థులగు పురుషులు శిరస్సుపై ఎట్టి ఆచ్ఛాదనయు లేకుండ సమావిష్టులు కావలెను' అని రాశాను. రాసి రెండుసార్లు పైకి చదువుకున్నాను. చాలా బాగుంది. అందులో ఎవరికైనా అర్థమయ్యే మాట ఒకటి ఉంది, అది 'పురుషులు'. కార్బను కాగితాలు పెట్టి అన్ని సంఘాలకూ పంపాను.

చాలా ఊళ్ళలో ఆ సర్క్యులరు ఎవరూ పట్టించుకోలేదు. మాతోపాటు కారులో వచ్చే ఆర్చిడీకన్ గారు ప్రార్థనకు ముందు "రుమాలు తీయండప్పా" అని ఒక్క మాట అనేవారు, తీసేసేవాళ్ళు. నా వాక్యాన్ని శ్రద్ధగా చదివి, అక్షరం పొల్లుపోకుండా పాటించిన సంఘం మొత్తం మీద ఒక్కటే.

ఆ ఊరు కార్వేటినగరం దాటాక నాలుగు మైళ్ళు బండిదారిలో ఉంటుంది. ఊరికి ఎడంగా మాలపల్లె, అందులో మన క్రైస్తవుల గుడి. గుడి అంటే వారమంతా బడి, ఆదివారం గుడి. అక్కడ అయ్యగారు ఉండరు, ఉపదేశి ఒకాయన ఉంటాడు. ఆయనే బడి పంతులు, ఆయనే ప్రార్థన చేయిస్తాడు, రోగాలకు మాత్రలిస్తాడు, అర్జీలు రాసిపెడతాడు. మనిషి నిదానం, దేన్నయినా తరచి చూసిగానీ చెప్పడు.

మేం పోయేసరికి పొద్దున ఎనిమిదయి ఉంటుంది. ఊరి మొదట్లోనే డప్పులతో ఎదురొచ్చారు. డ్రైవరు కారు ఆపి, అద్దంలోంచి ముందుకు వంగి చూసి, "ఏందప్పా, మావోళ్ళు ఈడికి ఎప్పుడొచ్చినారు?" అన్నాడు.

ఎదురుగా పదకొండు మంది మగవాళ్ళు తెల్లటి పంచెలు కట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. పదకొండూ గుండ్లే. గుండ్ల నిండా పసుపు. పొద్దుటి ఎండ వాటి మీద పడి ఆ పక్కంతా వెలుగుగా ఉంది.

బిషప్ గారు కారు దిగి, ఆయన అలవాటు ప్రకారం జనానికి గౌరవంగా ఎండటోపీ తీశారు. టోపీ కింద ఆయనకు ఎన్నో ఏళ్ళుగా వెంట్రుక అనేది లేదు. పదకొండు మందీ ఆ తలను చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, సరిగ్గానే చేశామన్నట్టు తలలాడించారు.

ఆర్చిడీకన్ గారు మాత్రం దిగిన చోటే నిలబడిపోయారు.

ఆర్చిడీకన్ అంటే బిషప్ తర్వాత అంతటివాడు. బిషప్ రాకముందు ఊరూరా తిరిగి, చేతులుంచవలసినవాళ్ళను పరీక్ష చేసి, వీళ్ళు తగినవాళ్ళని ఆయన చెబితేనే బిషప్ చేతులుంచుతారు. మా ఆర్చిడీకన్ గారిది ఐరాల వైపు. వాళ్ళ తాతగారు కొండకు మొక్కుకోవడం మానేసిన ఏడాది ఊరివాళ్ళు ఆయన్ను బావి దగ్గరికి రానివ్వలేదట. రెండు మైళ్ళ అవతల వాగులోంచి నీళ్ళు మోసుకుంటూ ఆయన ముసలివాడయ్యాడట. ఆ సంగతి ఆర్చిడీకన్ గారు ప్రసంగాల్లో చెప్పేవారు కాదు, నాకు ఒకసారి కారులో చెప్పారు. గుండు అనేది ఆయనకు నవ్వొచ్చే విషయం కాదు.

ఆయన ముందు బిషప్ గారిని బడిలోకి తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టి కొబ్బరి ఎళనీరు ఇప్పించారు. తర్వాత బయటికొచ్చి ఉపదేశిని పిలిచారు. మామూలుగా ఆర్చిడీకన్ గారు అచ్చువేసినట్టు మాట్లాడతారు. కోపం వస్తే ఐరాల బయటికొస్తుంది.

"ఏందప్పా ఇది? పోయిన నెల నేను చూసినప్పుడు అందరికీ ఎంటికలు ఉండె గదా. యాడికి పోయొచ్చినారు?"

"యాడికీ పోలేదు అయ్యగారూ. ఈడనే."

"ఈడనే అంటే? పదకొండు మందికి ఒకేసారి గుండు, పసుపు. కొండకు పోయొచ్చినోళ్ళు ఎట్లుంటారో నేను చూడలేదనుకున్నావా?"

ఉపదేశి చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీసి రెండు చేతులతో ఇచ్చాడు. దూరం నుంచే నాకు ఆ కాగితం ఏదో తెలిసింది. నా టైపు మిషనులో 'క' కొంచెం పైకి ఎగిరి పడుతుంది.

ఆర్చిడీకన్ గారు పైకి చదివారు. "శిరస్సుపై ఎట్టి ఆచ్ఛాదనయు లేకుండ. ఇందులో గుండు యాడ ఉండాది?"

"ఆచ్ఛాదన అంటే కప్పేది గదా అయ్యగారూ" అన్నాడు ఉపదేశి. "తలను కప్పేదేంది అని నాలుగు దినాలు ఆలోచన చేసినాను. రుమాలు అయితే రుమాలు అనే రాసుందురు. ఇంత పెద్ద మాట రాసినారంటే ఇంకేదో ఉండాది అనుకున్నాను. తలెంటికలే కప్పు మాదిరి అని మన వేదంలోనే, బైబిల్లోనే ఉండాది. దానికి తోడు మన సంఘం పత్రికలో బిషపయ్య పటం వేసినారు. ఆయన తల మింద కూడా ఏమీ లేదు. సరే, అట్లనే రమ్మంటున్నాడు అనుకున్నాం."

ఇందులో తప్పు పట్టడానికి నాకైతే ఎక్కడా సందు కనబడలేదు. నేను కారుకు మరి కాస్త దగ్గరగా జరిగాను.

ఆర్చిడీకన్ గారు కాగితం మడిచారు. ఆయన కోపం తగ్గింది గానీ మనసు తిరగలేదు. "మీరు తెలియక చేసినా, చూసేవాళ్ళకు అది తెలుస్తుందా? ఈ దినం మధ్యాన్నానికే పుత్తూరు దాకా పోతాది మాట, కొండకు తల ఇచ్చినోళ్ళకు బిషప్ చేతులుంచినాడని. రేపు నేను ఇంకో ఊళ్ళో ఎవుర్ని ఆపేది? ఎంటికలు రానీండి. వచ్చే ఏడాది చూద్దాం."

వచ్చే ఏడాది అనేది ఎంత దూరమో ఆ పదకొండు మందికీ ఆరేళ్ళుగా తెలుసు.

వరసలో మొదట నిలబడ్డ మనిషికి యాభై ఏళ్ళుంటాయి. చెరువు తూము తెరిచి పొలాలకు నీళ్ళు వదిలే నీరుగంటి ఆయన. ప్రశ్నలూ జవాబులూ చదువు రాకుండానే, ఉపదేశి చెబుతుంటే విని, ఏడేళ్ళలో మొత్తం నోటికి పట్టాడని ఆర్చిడీకన్ గారే మాకు దారిలో మెచ్చుకుంటూ చెప్పారు. ఆయన భార్యకు పుట్టినింట్లో చిన్నప్పుడే బిషప్ చేతులు పడ్డాయి. పెళ్ళయిన నాటినుంచీ ఆమె ఒక్కతే బల్ల దగ్గరికి వెళ్ళడం, ఈయన వెనక చాప మీద కూర్చుని ఆమె వీపు చూడడం. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇద్దరూ కలిసి చేయని పని అదొక్కటే.

ఆ భార్య ఆడవాళ్ళలో ముందు నిలబడి ఉంది. ఎవరికీ వినబడదన్నట్టు పక్కామెతో అంటోంది.

"ఈయనకు తల దువ్వుకునే దానికే పొద్దు సాలేది కాదు. ఆముదం అంతా ఆ తలకే. ఆ తల కూడా ఇచ్చేసినాడు చూడక్కా. ఇప్పుడు మళ్ళా పెంచుకోని రావాలంట."

నీరుగంటి భార్య వైపు చూడలేదు. ఆర్చిడీకన్ గారితోనే అన్నాడు. "కొండకు పోయినాం అనుకుంటే సెప్పండయ్యా. మాలోళ్ళను ఆడ గుళ్ళోకి రానిస్తారా? ఎంటికలిచ్చి బయటి నుంచి తిరిగొచ్చేదానికి పోతామా?"

ఆర్చిడీకన్ గారు జవాబు ఉన్నట్టే గొంతు సవరించుకున్నారు.

ఇంతలో కారు దగ్గర నుంచి మా డ్రైవరు వచ్చాడు. పని మీద కారు దాటి వచ్చిన మొదటిసారి అది. నీరుగంటి చుట్టూ ఒకసారి తిరిగి, తల వెనక భాగం వంగి పరీక్షగా చూశాడు.

"అయ్యగారూ, నేను మీ మతమోణ్ణి కాదు, నడుమ మాట్లాడగూడదు. కానీ గుండు సంగతి నాకు తెలుసు. ఇది కొండమింద సేసిన పని కాదు. ఆడ మంగలాయన చెయ్యి పడితే గుమ్మడికాయ మాదిరి ఉంటాది. ఈ తల సూడండి, ఎన్ని గాట్లో. ఇది ఎవరప్పా గొరిగింది?"

వరస చివర ఉన్న ఒకతను మెల్లగా చెయ్యెత్తాడు. యుద్ధంలో కూలిగా అస్సాం పోయి రోడ్లు వేసి వచ్చాడట, వస్తూ గడ్డం గీసుకునే కత్తి ఒకటి తెచ్చుకున్నాడట. ఊరి మంగలి మాలపల్లెకు రాడు గనుక పది తలలూ అతనే చేశాడు. అతని తల మిగతా పదిమందీ కలిసి చేశారు. అది చూస్తేనే తెలుస్తోంది.

"పసుపు?" అన్నారు ఆర్చిడీకన్ గారు.

"గాట్లకయ్యా" అన్నాడు అస్సామతను. "నెత్తురు నిలవలా."

డ్రైవరు తన సాక్ష్యం ముగించుకుని కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. వెళుతూ నా పక్కన ఆగి, "ఆ పెద్ద మాట రాసింది నువ్వేనా?" అన్నాడు.

"నేనే."

"అయితే ఈడ నిలబడుకోని ఏం జేస్తావు? లోపలికి పో."

లోపలికి పోయాను. బిషప్ గారు ఎళనీరు తాగి, కాయను ఎక్కడ పెట్టాలో తెలియక ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. "బయట ఏదో చర్చ జరుగుతున్నట్టుంది" అన్నారు.

రైటరుకు ఒక సౌకర్యం ఉంది. రెండు భాషల మధ్య నిలబడేది వాడొక్కడే. ఒక మాట ఇటు నుంచి అటు పోకుండా ఆపాలంటే వాడు ఊరికే ఉంటే చాలు. ఆర్చిడీకన్ గారి భయం ఏమిటో చెప్పాను, నాకు తెలిసినంత న్యాయంగా చెప్పాను. నీరుగంటి అన్నది చెప్పాను. గాట్ల సంగతి చెప్పాను. ఇక మిగిలింది సర్క్యులరు. "ఆఫీసు రాసిన వాక్యంలో కొంత అస్పష్టత ఉంది" అన్నాను.

"ఏ ఆఫీసు?"

"నేనండీ."

బిషప్ గారు ఎళనీరు కాయను జాగ్రత్తగా కింద పెట్టారు. "తెలుగు వ్యాసానికి బహుమతి మీకే కదా వచ్చింది?"

"అవునండీ."

"రెండో బహుమతి ఎవరికి వచ్చిందో ఆ కుర్రవాడి చిరునామా ఉంటే దాచిపెట్టండి" అన్నారు. తర్వాత లేచి తన తల ఒకసారి తడుముకుని బయటికి నడిచారు.

ఆయన అప్పటికప్పుడు ఒక్క మాటతో తేల్చేస్తారని అనుకున్నాను. అంత అధికారం ఆయనకుంది. ఆయన మాత్రం ఆర్చిడీకన్ గారి భుజం మీద చెయ్యి వేసి, జనానికి దూరంగా బండిదారి వెంట తీసుకుపోయారు. అక్కడ ఇద్దరూ అటూ ఇటూ నడవడం మొదలుపెట్టారు. మాటలు వినబడవు. పల్లె మొత్తం నిలబడి చూస్తోంది. డ్రైవరు కారు మెట్టు మీద నిలబడి అందరికీ అందేలా చెబుతున్నాడు.

"పెద్దాయన ఏమో అడగతా ఉండాడు. చిన్నాయన తల అడ్డంగా తిప్పె. మళ్ళా తిప్పె. పెద్దాయన నిలబడిపోయినాడు. ఇప్పుడు పెద్దాయన వింటా ఉండాడు. ఇంకా వింటా ఉండాడు. ఏమప్పా రైటరూ, బిషప్ అంటే ఎక్కువగా వినేదేనా పని?"

"చాలావరకు" అన్నాను.

నీరుగంటి భార్య ఎప్పుడో వచ్చి మొగుడి పక్కన నిలబడింది. కొంగు చివర తడిపి ఆయన చెవి వెనక కారి ఎండిన నెత్తురు తుడుస్తోంది. "ఊరికే నిలబడు" అంటోంది. ఆయన ఊరికే నిలబడ్డాడు.

బిషప్ గారూ ఆర్చిడీకన్ గారూ తిరిగొచ్చారు. ముందు నడుస్తున్నది ఆర్చిడీకన్ గారు. దారిలో బిషప్ గారు ఏమన్నారో ఆ రోజు సాయంత్రం కారులో ఆర్చిడీకన్ గారే నాకు చెప్పారు. "మీ తాతగారి సంగతి నాకు తెలుసు. నాకు ఈ ఊరి మాట సగమే అర్థమవుతుంది, మీకు మొత్తం అర్థమవుతుంది. వాళ్ళను ఒక్క ప్రశ్న అడగండి. మీరు వద్దంటే నేను చేతులుంచను" అన్నారట. "అంత బరువు నా మీద పెట్టి, ఆయన మాత్రం దారిలో ఏదో పిట్టను చూస్తూ నడిచినాడప్పా" అన్నారు.

ఆర్చిడీకన్ గారు నీరుగంటి ముందు నిలబడ్డారు. పరీక్ష గొంతుతోనే అడిగారు.

"కాగితంలో ఏముందో అది వదిలెయ్. ఇన్నేండ్లు పెంచుకున్న ఎంటికలు, గొరుగు అంటే గొరిగించుకున్నావు. ఎందుకు అని అడగబుద్ధి కాలేదా?"

"అడిగినానయ్యా. ఉపదేశిని అడిగినాను."

"ఏం చెప్పినాడు?"

"ఆయనకూ తెలియదన్యాడు. నేనే అనుకున్నాను." జవాబు పుస్తకంలోది కాదు గనుక నీరుగంటి కూడబలుక్కుంటున్నాడు. "బిషపయ్య చెయ్యి నేరుగా తగలాల గదా అయ్యా. నడుమ ఏమీ ఉండగూడదని. మమ్మల్ని ముట్టుకునేటోళ్ళు యాడుండారు? ఆ ముట్టుకునే ఒక్కసారీ నడుమ ఎంటికలెందుకు అనుకున్నాను."

ఆర్చిడీకన్ గారు తల దించుకుని, చేతిలో ఇంకా పట్టుకునే ఉన్న నా సర్క్యులరును నాలుగు మడతలు పెట్టి, జేబులో వేసుకున్నారు.

"పోయి తలలు కడుక్కోని రాండి. పసుపన్నా పోనీండి" అన్నారు. తర్వాత ఎటో చూస్తూ, "నీళ్ళు సాలినంత ఉండాయా ఈడ?" అని అడిగారు.

"చెరువు నా చేతిలోనే ఉండాదయ్యా" అన్నాడు నీరుగంటి.

పదకొండు మందీ పోయి కడుక్కుని వచ్చారు. పసుపు పోలేదు. గాట్లలో కాస్త తగ్గి, మిగతా చోట్ల ఇంకా పరుచుకుంది. ఆర్చిడీకన్ గారు చూసి, "పోనీలే" అన్నారు.

ఆ తర్వాత నేను బిషప్ గారి దగ్గర ఎనిమిదేళ్ళు పనిచేశాను. పోస్టులో వేసే ప్రతి సర్క్యులరూ ముందు డ్రైవరుకు చదివి వినిపించేవాణ్ణి. ఆయన స్టీరింగు మీద చేతులుంచి వినేవాడు. ఏ మాట దగ్గర మొహం చిట్లిస్తే ఆ మాట కొట్టేసేవాణ్ణి. రెండేళ్ళలో నా తెలుగు చాలా చెడిపోయింది. జనం ఉత్తరాలకు జవాబులు రాయడం మొదలుపెట్టారు.

ఆ రోజు బడి గదిలో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కర్ర మరలు బిగించి, వంకీ ముందుకే ఉందని రెండుసార్లు చూసుకుని, నిలబెట్టాను. ఒక్కొక్కరూ వచ్చి మోకాళ్ళూనితే పేరు బిషప్ గారి చెవిలో చెప్పడం నా పని. నీరుగంటి పేరు మొదట చెప్పాను. బిషప్ గారు రెండు చేతులూ ఎత్తి, గాట్లు ఎక్కడున్నాయో ఒక క్షణం చూసి, వాటికి తగలకుండా అరచేతులు ఉంచారు. ఆ ప్రార్థన అయిదారు వాక్యాలు. ఆయన దాన్ని కృష్ణా తీరం తెలుగులోనే చెప్పారు. నీరుగంటి ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

ఆ వరస ముగిసేసరికి బిషప్ గారి రెండు అరచేతులూ పసుపుపచ్చగా ఉన్నాయి. తువ్వాలు అందించాను. ఆయన చేతుల వైపు చూసుకుని, తుడుచుకోకుండానే తువ్వాలు నాకే ఇచ్చేశారు.

తర్వాత ప్రభువు బల్ల. ముందు వరసలు లేచాయి. నీరుగంటి భార్య అలవాటు కొద్దీ లేచి, చంకలోని మనవరాలిని మొగుడికి ఇవ్వబోయింది. ఆయన అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. ఆమె అటూ ఇటూ చూసింది. పక్కనున్న ఆడవాళ్ళంతా ముందుకు పోవలసినవాళ్ళే. గుమ్మం బయట మా డ్రైవరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె తిన్నగా పోయి బిడ్డను ఆయన చేతుల్లో పెట్టి, "కొంచేపు పట్టుకో అన్నా, వస్తాము" అంది.

ఆ 'వస్తాము' మాట ఆమెకే కొత్తగా వినబడినట్టుంది, రెండడుగులు వేసి ఆగింది. తర్వాత వచ్చి మొగుడి పక్కన మోకాళ్ళూనింది. ఆయన చేతులెట్లా చాపాలో తెలియక రెండు పిడికిళ్ళూ ముందుకు పెట్టుకుని ఉన్నాడు. ఆమె తల ఎత్తకుండానే మోచేత్తో పొడిచి మెల్లగా అంది.

"కుడిచెయ్యి పైన పెట్టు. అరచెయ్యి తెరువు."

ఆయన తెరిచాడు.